పడ్డాక లేపుకోగలిగే బండి: ఎక్స్‌పల్స్ 200 4వీతో మూడేళ్లు

ముందు నా కొలతలు చెప్పేస్తాను. అవి చెప్పకుండా ఇలాంటి బండి గురించి ఎవరేం రాసినా నమ్మకండి. ఎత్తు ఐదడుగుల ఐదంగుళాలు, బరువు 64 కిలోలు, వయసు నలభైకి రెండు తక్కువ. ఉండేది చంద్రగిరి, చేసేది డ్రిప్ పైపుల వ్యాపారం. వారంలో నాలుగు రోజులు ఏదో ఒక మామిడి తోటకో చెనక్కాయ చేనుకో పోవాల్సిందే. 2022లో సంక్రాంతి అయ్యాక హీరో కంపెనీ బండి ఎక్స్‌పల్స్ 200 4వీ కొన్నాను. ఇప్పటికి మీటరు 34 వేల కిలోమీటర్లు దాటింది. అందులో ఏడెనిమిది వేలు తారు మొహం చూడని దారులే. అంతకుముందు పదిహేనేళ్లు స్ప్లెండర్ తప్ప వేరే బండి తోలింది లేదు. మట్టిలో తోలడమంటే గుంతలు తప్పించుకోవడమే అనుకునేవాణ్ణి.

నిజానికి నేను కొనాల్సింది రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ల హిమాలయన్ 411. మా బావకు ఆ బండి ఉంది. ఆయన లెక్క ఆయనది: పవరు ఎక్కువ, కూర్చుంటే రాజాలాగా ఉంటుంది, బెంగళూరుకైనా నిద్రపోతూ పోవచ్చు. షోరూముల్లో కూర్చుని చూస్తే నాకూ అదే నచ్చింది. దాని సీటు 800 మిల్లీమీటర్లు, ఎక్స్‌పల్స్‌ది 825. కాగితం మీద ఇరవై ఐదు మిల్లీమీటర్లంటే ఏముంది అనిపిస్తుంది కానీ, నా కాళ్లకు ఆ తేడా బాగా తెలిసింది. హిమాలయన్ మీద రెండు పాదాలూ నేలకు ఆనాయి. ఎక్స్‌పల్స్ మీద మునివేళ్లే. కాలు ఆనేదే కొత్తవాడికి మంచిదని అందరూ అన్నారు. అడ్వాన్సు కట్టడానికి డబ్బులు కూడా తీసి పెట్టుకున్నాను.

ఆ వారమే ఆదివారం పొద్దున బావ, నేను నారాయణవనం మీదుగా కైలాసకోన వైపు పోయాం. ఆయన హిమాలయన్ మీద, నేను స్ప్లెండర్ మీద. దారిలో ఒక వంక. మోకాలి కింది వరకు నీళ్లు, అడుగున పాచి పట్టిన బండ. బావ నడిమధ్యలో ముందు బ్రేకు పట్టాడు. బండి తప్పేం లేదు, ఎవరు పట్టినా అంతే. మెల్లిగా, మర్యాదగా పక్కకు వాలిపోయింది. బావకు దెబ్బ తగల్లేదు గానీ బండి పెట్రోలుతో కలిపి 199 కిలోలు. కింద బండ జారుతుంటే ఇద్దరం కలిసి జానెడు కూడా లేపలేకపోయాం. ఆ పక్కన గొర్రెలు కాసుకునే ఇద్దరు వచ్చి పట్టుకుంటే అప్పుడు లేచింది. మేం ఇద్దరం కాక నేనొక్కణ్ణే ఉండుంటే? గొర్రెలు ఆ రోజు ఇంకో గుట్టకు పోయుంటే? ఇంటికి వచ్చేదాకా ఇదే ఆలోచన.

మర్నాడు మళ్లీ ఎక్స్‌పల్స్ షోరూముకు పోయి ఒకే ఒక్క ప్రశ్న అడిగాను: ఈ బండి బరువెంత? 158 కిలోలు అన్నారు. అంటే నలభై ఒక్క కిలోల తేడా. ఒక సిమెంటు మూటకు తొమ్మిది కిలోలు తక్కువ. అడ్వాన్సు అక్కడే కట్టేశాను. అప్పుడు దాని షోరూము ధర 1.28 లక్షల చిల్లర. మిగిలిన డబ్బుతో బూట్లు, మోకాళ్ల గార్డులు, మంచి హెల్మెట్ కొన్నాను. ఈ మాట రెండోసారి చెప్పాల్సిన పని లేకుండా చెప్తున్నాను, బూట్లు లేకుండా మట్టిదారి పట్టకండి. ఫుట్‌రెస్టుకూ రాయికీ మధ్య ఇరుక్కునేది చీలమండే.

సరే, బరువు తక్కువైనంత మాత్రాన పడకుండా ఉంటామా? తొలి ఆరు నెలల్లో పదకొండుసార్లు పడ్డాను. లెక్క రాసుకున్నాను కాబట్టి తెలుసు. అందులో నాలుగుసార్లు తొండవాడ దగ్గర స్వర్ణముఖి ఇసుకలోనే. అక్కడ ఒక రోజు జరిగింది చెప్పాలి. ఏటి మధ్యలో బండి పడేసుకుని చెమటలు కక్కుతూ నిలబడున్నాను. వెనకనుంచి పాలాయన ఒకాయన, ఎక్సెల్ మీద రెండు వైపులా క్యాన్లు కట్టుకుని, నా పక్కనుంచే జర్రుమని పోయాడు. అవతలి గట్టు ఎక్కాక ఆగి వెనక్కి చూశాడు.

"ఏంది సామీ, అంత పెద్ద బండి ఎత్తుకోని ఇసకలో పండుకోబెట్నావ్?"

"జారిందన్నా."

"జారేది కాదు, నువ్వు భయపడి రేజు వదిలేస్తా ఉండావు. వదిలితే ముందు చక్రం దున్నతాది. వదలాకు, దూరంగా చూసుకుంటా పో."

ఇసుక గురించి ఇంతకన్నా ఎక్కువ చెప్పేది ఏదీ నేను ఇంటర్నెట్లో చూడలేదు. ఇసుకలో రేజు, అంటే యాక్సిలరేటరు, వదిలి వేగం తగ్గిస్తే బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది. అది కూరుకుపోతుంది, హ్యాండిల్ పక్కకు తిరుగుతుంది, ఆ తర్వాత నేల మీద పడటమే. ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడి, నడుము కొంచెం వెనక్కి పెట్టి, రేజు ఒకేలా పట్టుకుంటే బండి తోక ఊపుకుంటూ అదే దారి వెతుక్కుంటుంది. ఇంకో సంగతి కూడా ఆ రోజే తలకెక్కింది. ఆయన ఎక్సెల్ తొంభై కిలోలు కూడా ఉండదు. చిత్తూరు జిల్లాలో ఏ గుట్ట మీద చూసినా, ఏ చెరువు కట్ట మీద చూసినా ముందు కనబడేది ఆ మోపెడ్డే. అది ఆఫ్‌రోడ్ బండి అని దాన్ని చేసినవాళ్లు కూడా ఎక్కడా చెప్పుకోలేదు. తేలికగా ఉంది కాబట్టి పోతుంది, అంతే.

పడ్డ బండిని లేపడం ఒక విద్య. నేను నేర్చుకున్నది ఇది. ముందు ఇంజను ఆపాలి. కుడివైపు పడితే లేపేముందే సైడు స్టాండు వేసి పెట్టుకోవాలి, లేకుంటే లేపిన ఊపులో అవతలికి పడుతుంది. బండి జారకుండా గేరులో ఉంచాలి. తర్వాత బండికి వీపు పెట్టి, సీటు అంచు నడుముకు ఆనేలా కూర్చోవాలి. ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో సీటు వెనక ఫ్రేము పట్టుకుని, చేతుల బలంతో కాకుండా కాళ్లతో వెనక్కి అడుగులేస్తూ లేవాలి. 158 కిలోలు ఇలా లేస్తాయి. మూడోసారి పడ్డాక ఆయాసం వస్తుంది, అది వేరే విషయం. హిమాలయన్‌ను కూడా ఇలా లేపేవాళ్లు ఉన్నారు. చదును నేల మీద నేనూ లేపాను, ఒక్కసారి. రెండోసారి లేపమంటే దండం పెడతాను.

మరి మునివేళ్ల సంగతి? దాని భయం నెల రోజులే. ఆపేటప్పుడు పిరుదు ఒకవైపు జరిపి ఒక్క కాలు పూర్తిగా ఆనించడం అలవాటైపోయింది. ఆపే చోటు కూడా చూసుకుని, ఎత్తుగా ఉన్నవైపు కాలు పెడతాను. అయితే ఇదే బండిలో 2023లో వచ్చిన ప్రో రకం సీటు 891 మిల్లీమీటర్లు. నా ఎత్తువాళ్లకు, కొత్తవాళ్లకు అది నిచ్చెన లేకుండా అటక ఎక్కడమే. 200టీ అనే ఇంకో రకం కూడా వచ్చేది, పాతది దొరికితే పేరు చూసి మోసపోకండి. దానికి చిన్న అల్లాయ్ చక్రాలు, అది తారు రోడ్డు బండి. రాళ్ల మీదికి ఎక్కించేది ముందున్న 21 అంగుళాల చక్రమే. చిన్న చక్రం పడిపోయే గుంతను పెద్దది తొక్కుకుంటూ పోతుంది. నేల నుంచి 220 మిల్లీమీటర్ల ఎత్తు, ముందు షాకబ్జర్లకు 190 మిల్లీమీటర్ల ఆట, ఇవన్నీ బాగా పనికొస్తాయి గానీ చక్రం తర్వాతే.

ఇప్పుడు దీనిలో లేనివి. 199.6 సీసీ ఇంజను, 19 హార్స్ పవర్. తిరుపతి నుంచి చిత్తూరు రోడ్డు మీద 80, 85లో హాయిగా ఉంటుంది. దాటితే బండి అరుస్తుంది, మనం కూడా. వెనక బస్సు హారన్ కొడితే దారి ఇవ్వడమే పరువు. లాగుడు బలం 17 ఎన్ఎం పైచిలుకు, అదీ 6500 ఆర్‌పీఎం దగ్గర. అంటే నిటారు గుట్ట ఎక్కేటప్పుడు మొదటి గేరులో రేజు నిలబెట్టి, క్లచ్‌తో ఆడుకోవాలి. బావ హిమాలయన్‌కు 32 ఎన్ఎం, అదీ కిందనే దొరుకుతుంది. భాకరాపేట కనుమ దగ్గర మట్టి ఎక్కుడులో ఆయన వేలు కదపకుండా ఎక్కేస్తాడు, నేను కిందా మీదా పడి ఎక్కుతాను. ఈ క్లచ్ ఆటలో 26 వేల కిలోమీటర్లకే క్లచ్ ప్లేట్లు మార్చాల్సి వచ్చింది. తప్పు నాది, మేలో మిట్టమధ్యాహ్నం ఇసుకలో అరగంట సగం క్లచ్ మీద తోలితే ఏ ప్లేట్లు ఉంటాయి?

సీటు సన్నం. నిలబడి తోలడానికి మోకాళ్ల మధ్య ఇమడాలి కాబట్టి అట్లా చేశారు. గంటన్నర కూర్చుంటే మాత్రం ఆ సంగతి గుర్తుండదు. నా భార్య ఒకసారి కాణిపాకం దాకా వచ్చింది. తిరుగు ప్రయాణం బస్సులో.

ఏబీఎస్, అంటే బ్రేకు పట్టినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు, ముందు చక్రానికే ఉంది. దిగుడులో వదులు గరుసు మీద అది టకటకమంటూ బ్రేకు వదిలి పట్టుకుంటూ ఉంటే మొదట్లో ప్రాణం పోయేది. వెనక చక్రానికి లేకపోవడమే అక్కడ మేలు. వెనక బ్రేకుతో జారనిస్తూ దిగడం నేర్చుకున్నాను.

ఖర్చుల్లో పెద్దవి లేవు. తారు మీద లీటరుకు 40 దాకా, మట్టిలో 30 చిల్లర. 13 లీటర్ల ట్యాంకు. చైన్ స్పాకెట్ ఒకసారి మార్చాను. ఎర్రమట్టి దుమ్ము చైనును ఆకురాయిలాగా అరగదీస్తుంది, అందుకని ప్రతి ఆదివారం సాయంత్రం కిరోసిన్ బదులు డీజిల్‌తో కడిగి నూనె వేస్తాను. మామిడి తోటల్లో తిరిగిన నెలలో ఎయిర్ ఫిల్టర్ తీసి చూస్తే అందులో వేరుశనగ వేయొచ్చు అనిపించింది. ఒక సర్వీసు సెంటర్లో అడిగితే "ఇంకా కిలోమీటర్లు కాలేదు" అన్నారు. కిలోమీటర్లు దుమ్మును లెక్కపెట్టవని చెప్పి, అప్పటినుంచి నేనే మారుస్తున్నాను.

స్పోక్ చక్రాలు కాబట్టి లోపల ట్యూబులుంటాయి. ముల్లు దిగితే అక్కడే కూర్చుని పంచర్ వేసుకోవాలి. రెండు ట్యూబులు, టైరు లివర్లు, చేతి పంపు ఎప్పుడూ సంచిలో ఉంటాయి. ఇసుకలో గాలి 18 పీఎస్ఐ దాకా దించుతాను, తారు ఎక్కేముందు మళ్లీ కొట్టాలి. గాలి తక్కువుండగా రాయికి గట్టిగా తగిలితే ట్యూబు నలిగి రెండు చోట్ల చిల్లు పడుతుంది, ఆ పాఠానికి ఒక మధ్యాహ్నం ఖర్చయింది. కొన్న రోజే చేయాల్సిన పని ఇంకోటి: క్లచ్, బ్రేకు లివర్ల బిగింపు బోల్టులు మరీ గట్టిగా ఉంచకండి. పడ్డప్పుడు లివరు తిరిగిపోతే మిగులుతుంది, బిగుసుకుని ఉంటే విరుగుతుంది. మొదటి ఏడాది మూడు లివర్లు విరిచాక ఒక లారీ మెకానిక్ చెప్పాడు.

తిరుపతివాళ్లకు ఒక మాట. అడవి మన పెరట్లోనే ఉందని శేషాచలంలోకి బండి దూర్చకండి. శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానం 1989 నుంచి ఉంది, 2010 నుంచి శేషాచలం బయోస్పియర్ రిజర్వు. ఎర్రచందనం దొంగల వల్ల అక్కడ నిఘా కూడా గట్టిది. హెల్మెట్ పెట్టుకుని, సంచి తగిలించుకుని, అనుమతి లేకుండా లోపల దొరికితే నేను సరదాకి వచ్చానంటే ఎవరు వింటారు? పలమనేరు వైపు కౌండిన్య దగ్గర ఏనుగులు, పొద్దుగూకాక ఆ చేల దారులు వాటివే. మనకు చెరువు కట్టలు, ఎండిన వంకలు, ఊరికీ ఊరికీ మధ్య బండ్ల బాటలు చాలు. చేను దాటాల్సి వస్తే రైతును అడగండి. నన్ను ఇంతవరకు ఒక్కరూ కాదనలేదు. ఒకాయనైతే మజ్జిగ ఇచ్చి, డ్రిప్ పైపుల రేటు కూడా అడిగాడు.

2025 జనవరిలో ఎక్స్‌పల్స్ 210 వచ్చింది. 24 హార్స్ పవర్ పైన, ఆరు గేర్లు, నీళ్లతో చల్లబడే ఇంజను. మనసు లాగింది. బరువు 168 కిలోలని చూసి కాసేపు ఆగాను. కావాసాకీ కేఎల్ఎక్స్ 230 అయితే 139 కిలోలే, కానీ సీటు 880. దేవుడు వరమిచ్చినా నా కాళ్లు అందవు. రోడ్డు మీద ఎక్కువ తిరిగేవాళ్లు 210 తీసుకోండి, పొడుగువాళ్లు కేఎల్ఎక్స్ చూడండి. నేను మాత్రం నాదే ఇంకో మూడేళ్లు తోలతాను.

బావ హిమాలయన్ అమ్మలేదు, బెంగళూరుకు అదే. కానీ ఆదివారాలకు రెండోది కావాలని పోయిన నెల పలమనేరులో ఒక పాత ఎక్స్‌పల్స్ చూడ్డానికి నన్ను తోడు తీసుకుపోయాడు. స్పోకులు ఒక్కోటి తట్టి చూశాను, ముందు చక్రం లేపి హ్యాండిల్ తిప్పి కోన్ సెట్ (హ్యాండిల్ కింది బేరింగులు) చూశాను, షాకబ్జర్ల దగ్గర నూనె కారిందేమో వేలుపెట్టి తుడిచాను. అంతా బాగానే ఉంది. చివర్లో బావ ఓనరును అడిగాడు, "అన్నా, ఒకసారి దీన్ని పక్కకు పడుకోబెట్టి లేపి చూసుకోవచ్చా?"

ఆయన ఇద్దర్నీ ఎగాదిగా చూశాడు. "మీరు కొనేదానికి వచ్చినారా, పడేసేదానికి వచ్చినారా?"