బందరు డచ్చి సమాధులు, దివిసీమ ఉప్పెన స్మారకం: రెండు రోజుల యాత్ర

శ్మశానం చూడటానికి ప్రయాణమేమిటని ఇంట్లో అందరూ విసుక్కున్నా, డిసెంబరు మొదటి వారంలో మా మామయ్య గారిని వెంటబెట్టుకుని రెండు రోజులు బందరు, అవనిగడ్డ తిరిగి వచ్చాను. ఆయనది నాగాయలంక వైపు ఊరు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనకు ఆయన వయసు పదహారేళ్ళు. నాకు ప్రధానంగా బందరు కోటలోని డచ్చివారి సమాధులు చూడాలని ఉండేది. దివిసీమకు వెళ్ళడం ఆయన కోరిక.

విజయవాడ నుంచి బందరుకు డెబ్బై కిలోమీటర్ల దూరమే కాబట్టి చాలామంది పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగి వచ్చేస్తారు. సమాధులు చూడదలచినవారికి అది పొరపాటని నా అభిప్రాయం. అరిగిపోయిన రాతి అక్షరాలు నడినెత్తి ఎండలో కనబడవు. సూర్యుడు వాలుగా ఉన్నప్పుడు, అంటే ఉదయం ఏడు, ఎనిమిది గంటల మధ్య, గాట్లలో నీడ పడి చదవడానికి వీలవుతుంది. అందుకని బస్టాండు దగ్గరే ఒక లాడ్జిలో దిగాము. గది శుభ్రంగానే ఉంది గాని, ఇస్తామన్న వేడినీళ్ళు రెండు రోజులూ రాలేదు. కింది హోటలులో ఇడ్లీ, అల్లం పచ్చడి మాత్రం ఆ లోటు తీర్చాయి. ఆటో అతనితో వెళ్ళిరావడానికీ, అక్కడ రెండు గంటలు ఆగడానికీ కలిపి ముందే బేరం కుదుర్చుకోవడం మంచిది, ఎందుకంటే కోట వైపు నుంచి తిరిగి రావడానికి వేరే బండి సులభంగా దొరకదు.

డచ్చివారు 1605 ప్రాంతంలో బందరుకు వచ్చారు. ఇండోనేషియా దీవుల్లో లవంగాలు, జాజికాయలు కొనాలంటే అక్కడివారు వెండికన్నా మన తీరపు అద్దకం బట్టలనే ఎక్కువగా అడిగేవారు. ఆ బట్టల కోసమే గోల్కొండ సుల్తానుల రేవులో డచ్చి ఈస్టిండియా కంపెనీ వర్తకశాల వెలిసింది. కోట ప్రాంతంలోని ప్రహరీ లోపల నేలకు పరచినట్టున్న పెద్ద పెద్ద రాతిపలకలు ఆ వర్తకులవీ, వారి భార్యాబిడ్డలవీ. పై సగంలో వంశచిహ్నాలు, శిరస్త్రాణాలు, ఆకుతీగలు. కింది సగంలో నిండుగా అక్షరాలు. శిరస్త్రాణం ఐరోపాదే అయినా దాని చుట్టూ అల్లుకున్న తీగలను చూస్తే అది ఇక్కడి శిల్పుల ఉలిపనే అనిపిస్తుంది. కోరమాండల్ తీరపు డచ్చి సమాధుల మీద సాధారణంగా "హియర్ లైట్ బెగ్రావెన్" అనే మాటలుంటాయి. ఇక్కడ పూడ్చిపెట్టబడిన వ్యక్తి అని అర్థం. ఆ తరువాత పేరు, కొలువు, మరణించిన తేదీ, చాలాచోట్ల వయసు సంవత్సరాలు, నెలలు, రోజులతో సహా ఉంటాయి. భాష రాకపోయినా అంకెలను గుర్తుపట్టవచ్చు. అంకెలు చదవడం మొదలుపెట్టాక, ఓడెక్కి ఇంత దూరం వచ్చినవారు ఎంత చిన్న వయసులో పోయారో తెలిసి అక్కడి నుంచి త్వరగా కదల్లేకపోయాను.

రక్షిత కట్టడమని హెచ్చరించే నీలిరంగు పలకను చదివినందువల్ల సమాధుల్లో ఉన్నది ఎవరో తెలియదు కాబట్టి, వెళ్ళేముందే కొంత చదువుకుని వెళ్ళాలి. నీడ లేదు, తాగడానికి నీరు లేదు. సీసా, టోపీ తప్పనిసరి. వానలు వెలిసిన వెంటనే వెళితే గడ్డి మోకాలి ఎత్తున ఉంటుంది. పాముల భయమూ ఉంటుంది. రాళ్ళ మీద నీళ్ళు చల్లి, సుద్దముక్క రుద్ది అక్షరాలు చదివే అలవాటు కొందరికి ఉంది, అది రాతికి చేటు.

మధ్యాహ్నం సెయింట్ మేరీ చర్చికి వెళ్ళాము. 1809లో చనిపోయిన అరబెల్లా రాబిన్సన్ అనే యువతిని ప్రేమించిన సైనికాధికారి జాన్ పేటర్ ఆమె సమాధి మీదనే ఈ గుడి కట్టించాడు. ఆమె దేహాన్ని పాడవకుండా అద్దాల పెట్టెలో ఉంచాడని, మీట నొక్కితే కనబడేదని ఊరంతా చెప్పే కథ. బందరులో ఎవరిని సమాధుల గురించి అడిగినా ముందు ఈ కథే వస్తుంది. నాకు అంతకన్నా ఊరి పేటల పేర్లే ఎక్కువ విలువైనవిగా తోచాయి: వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం. మనవాళ్ళు ఒలాందులన్న డచ్చివారూ, పరాసులన్న ఫ్రెంచివారూ పోయి ఎన్నో తరాలైనా, ఆటోవాళ్ళ నోట రోజూ పలుకుతూనే ఉన్నారు.

1864 నవంబరు 1 రాత్రి సముద్రం ఈ ఊరి మీద పడినప్పుడు సుమారు 30,000 మంది చనిపోయారని లెక్క. ఒలాందు వర్తకుల బిడ్డల వయసు రోజులతో సహా తెలిసిన ఊళ్ళో, ఆ ఒక్క రాత్రి పోయిన మన జనం మాత్రం సున్నాలు చుట్టిన ఒక అంకెగా మిగిలారు. ఆ సంగతి మామయ్య గారితో అంటే ఆయన వెంటనే జవాబివ్వలేదు.

రెండో రోజు చల్లపల్లి, మోపిదేవి మీదుగా అవనిగడ్డ బస్సెక్కాము. ఆర్డినరీ బస్సు, నెమ్మదిగా వెళ్ళినా చోటు దొరికింది. 1977లో సుమారు 5 మీటర్ల ఎత్తున లేచిన ఉప్పెన దివిసీమ మీద విరుచుకుపడి కనీసం 10,000 మందిని పొట్టన పెట్టుకుంది. సొర్లగొంది వంటి తీరగ్రామాల్లో మిగిలినవారే తక్కువ. నీళ్ళు వచ్చి ఆగిన చోట, అవనిగడ్డ సమీపంలో, స్మారకం నిలిపారు. కళ కోసం వెళ్ళేవారికి ఇక్కడ చూడదగ్గది పెద్దగా లేదు. కానీ అక్కడ నిలబడి సముద్రం ఎటు ఉందని అడిగితే చెయ్యి చూపిస్తారు. ఎటు చూసినా వరిచేలే, సముద్రం జాడే కనబడదు. నీళ్ళు ఎంత దూరం వచ్చాయో ఏ పుస్తకం చదివినా నాకు అంత స్పష్టంగా బోధపడలేదు.

భోజనానికి అవనిగడ్డ బస్టాండు పరిసరాలే గతి. బస చేయదలిస్తే మాత్రం తిరిగి బందరు చేరడమే నయం. మళ్ళీ వెళితే ముందు దివిసీమ చూసి, ఆ తరువాతే కోటకు వెళతాను.

తిరుగు బస్సు కోసం చెట్టు కింద కూర్చున్నప్పుడు మామయ్య గారు, "నిన్న అన్నావు కదమ్మా, రాసుకో" అన్నారు. ఇల్లిల్లూ తలుచుకుంటూ, మధ్య మధ్య ఆగుతూ చెప్పుకొచ్చారు. బస్సు వచ్చేసరికి నా నోటుపుస్తకంలో పంతొమ్మిది పేర్లు చేరాయి. వయసు మాత్రం ఇద్దరిదే చెప్పగలిగారు.