ఎమర్జెన్సీ సంచి రివ్యూ: ఒక్కో వస్తువుకి ఎన్ని అవతారాలు?

‘ఇద్దరికి, 72 గంటలు’ అని పెద్ద అక్షరాలతో రాసి అమ్మే ఎర్ర సంచులు చాలా రకాలు దొరుకుతున్నాయి. పైన పేర్లు వేరైనా జిప్పు తీస్తే లోపలి సరుకు దాదాపు ఒకటే. నీళ్ల ప్యాకెట్లు, గట్టి బిస్కెట్ బార్లు, వెండిరంగు రేకు దుప్పట్లు, హ్యాండిల్ తిప్పితే వెలిగే టార్చి, ఫస్ట్ ఎయిడ్ డబ్బా, ఈల, తాడు, పల్చటి వానకోటు. అందుకే ఫలానా కంపెనీది అని కాకుండా ఈ తరహా సంచి మొత్తాన్నీ కలిపి తూకం వేస్తున్నాం.

కొనేవాళ్లు ముందు చూసేది పెట్టె మీది అంకె: ఇన్ని వందల వస్తువులు అని. ఆ లెక్కలో సగానికి పైగా పట్టీలు, పిన్నీసులు, దూది పుల్లలే ఉంటాయి కాబట్టి దాన్ని పక్కన పెట్టేయొచ్చు. విపత్తు చెప్పి రాదు, చెప్పినా చెప్పినట్టు రాదు. వరద కోసం సర్దుకున్న సంచిని భూకంపంలో విప్పాల్సి రావచ్చు. కాబట్టి ప్రతి వస్తువు దగ్గరా రెండు సంగతులు చూశాం. కంపెనీ చెప్పిన పని కాకుండా దాన్ని ఇంకెన్ని పనులకు మలుచుకోవచ్చు, సంచిలోని మిగతా వస్తువులతో అది అతుకుతుందా లేదా.

ఈ రెండోది ఎంత ముఖ్యమో 1970 ఏప్రిల్‌లో చంద్రుడి మీదికి బయల్దేరిన అపోలో 13 అంతరిక్ష నౌకలో ఉన్న ముగ్గురికీ తెలిసొచ్చింది. ఆక్సిజన్ ట్యాంకు పేలాక వాళ్లు చంద్రుడి మీద దిగడానికి తెచ్చుకున్న చిన్న నౌక, లూనార్ మాడ్యూల్‌లో తలదాచుకున్నారు. కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకునే లిథియం హైడ్రాక్సైడ్ డబ్బాలు అందులో ముగ్గురికి చాలవు. ప్రధాన నౌకలో అదనంగా ఉన్నాయి గానీ అవి చదరంగా ఉంటాయి, పెట్టాల్సిన చోటు గుండ్రం. చివరికి ప్లాస్టిక్ సంచులు, అట్టముక్కలు, సూట్ గొట్టం, టేపు కలిపి ఒక అతుకు తయారుచేసి గట్టెక్కారు. లోపలి మందు ఒకటే, మూతి దగ్గరే తేడా. టార్చికి ఒక సైజు బ్యాటరీ, రేడియోకి ఇంకో సైజు బ్యాటరీ ఇచ్చే సంచి కూడా ఇలాంటి ఇబ్బందే తెచ్చిపెడుతుంది.

నీళ్లు: అసలు లోటు ఇక్కడే

చాలా సంచుల్లో ఒక్కో ప్యాకెట్ 125 మిల్లీలీటర్లు, మనిషికి రోజుకి రెండు. అంటే ఇద్దరికి మూడు రోజులకి లీటరున్నర. తాగడానికీ, కాస్త వంటకీ, చేతులు కడుక్కోవడానికీ కలిపి మనిషికి రోజుకి 4 లీటర్లు పెట్టుకోవాలన్నది మామూలు లెక్క. ఆ లెక్కన ఇద్దరికి 24 లీటర్లు. సముద్రంలో లైఫ్‌బోట్ మీద ప్రాణం నిలబెట్టే కొలతని తెచ్చి ఇంటి సంచిలో పెట్టారన్నమాట. పైగా చింపిన ప్యాకెట్ మళ్లీ నీళ్లు పట్టుకోవడానికి కూడా పనికిరాదు. ఒక్క అవతారంతోనే సరి.

24 లీటర్లు వీపున మోయడం చాలామంది వల్ల కాదు. నీళ్లని మోసే సంచి కన్నా దొరికిన నీళ్లని తాగేలా చేసుకునే సంచి మేలు. 10 లీటర్ల మడతపెట్టే క్యాన్ ఒకటి, నేత దగ్గరగా ఉన్న నూలుగుడ్డ ఒకటి, క్లోరిన్ బిళ్లలు కొన్ని వేస్తే బరువు అర కిలో దాటదు. బిళ్లలు లేకపోతే వాసన కలపని మామూలు బ్లీచ్ ద్రావణం (5 నుంచి 6 శాతం క్లోరిన్‌ది) లీటరుకి 2 చుక్కలు వేసి, కలిపి, అరగంట ఉంచాలి. నీళ్లు మురికిగా ఉంటే ముందు తేరనిచ్చి, గుడ్డ నాలుగు మడతలు వేసి వడకట్టి, 4 చుక్కలు. అరగంట తర్వాత క్లోరిన్ వాసన లీలగా తగలాలి. తగలకపోతే అంతే మోతాదు మళ్లీ వేసి ఇంకో పావుగంట ఆగాలి. ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు పాత సీసా వాడటం. ఎండలోనూ వేడిలోనూ నెలల తరబడి ఉన్న బ్లీచ్ సత్తువ పోతుంది, చుక్కలు లెక్కగా వేసినా పని జరగదు.

కొన్ని ఖరీదైన సంచుల్లో స్ట్రా లాంటి ఫిల్టర్ ఇస్తున్నారు. చూడ్డానికి బాగుంటుంది గానీ దాంతో తాగాలంటే నీటి మీదికి వంగాలి, గిన్నె నింపుకోలేం, పసిపిల్లకి తాగించలేం. అదే ఫిల్టర్ మామూలు తాగునీటి సీసా మరకి బిగించుకునే రకమైతే ఏ సీసా దొరికినా పనిచేస్తుంది. రెండింటిలో ఏది ఎంచుకోవాలో వేరే చెప్పక్కర్లేదు. 0.1 మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) రంధ్రాలున్న ఫిల్టర్ బ్యాక్టీరియాని ఆపుతుంది, వైరస్‌లని ఆపదు. కాబట్టి వడకట్టాక క్లోరిన్ కూడా వేయాలి. ఒకసారి తడిశాక గడ్డకట్టే చలికి గురైతే లోపలి సన్నటి గొట్టాలు చిట్లిపోతాయి, పైకి తెలియదు. డీజిల్ గానీ పురుగుమందు గానీ కలిసిన నీళ్లకి మాత్రం ఫిల్టరూ క్లోరినూ మరగబెట్టడమూ ఏదీ మందు కాదు. అప్పుడు ఇంట్లోని గీజర్ ట్యాంకు గుర్తుకు రావాలి. వరదనీరు చేరని ట్యాంకైతే కరెంటో గ్యాసో ముందు ఆపి, చల్లారనిచ్చి, కింది కొళాయి విప్పితే ఒక బకెట్ పైనే మంచినీళ్లు దొరకొచ్చు. ఈ మాట సంచితో వచ్చే కరపత్రాల్లో అరుదు.

తిండి గురించి పెద్దగా ఫిర్యాదు లేదు. 400 క్యాలరీల ముక్కలు తొమ్మిది ఉన్న బార్, అయిదేళ్ల గడువు, ఎక్కువ దాహం పుట్టించని రకం. విప్పాక మూసే ఏర్పాటు లేదు కాబట్టి జిప్ కవరు ఒకటి జతచేయండి. గోధుమ పడనివాళ్లు ముందే పదార్థాలు చదవాలి.

రేకు దుప్పటి: అవతారాలు ఎక్కువ, ఓపిక తక్కువ

సంచిలో మనసు గెలిచేది ఇదే. పలచటి పాలియెస్టర్ పొర మీద అల్యూమినియం పూత, 60 గ్రాముల లోపు బరువు, గుప్పెట్లో ఇముడుతుంది. ఒంటి నుంచి వెలువడే వేడిని తిప్పికొడుతుంది. అయితే నేల మీద పరుచుకుని పడుకుంటే దండగే. నేల తాకిడికి పోయే వేడిని ఇంత పల్చటి పొర ఆపలేదు. కింద అట్టముక్కలో, ఖాళీ చేసిన సంచో వేసుకుని, ఒంటి మీద పొడి బట్ట, దాని మీద వదులుగా రేకు, గాలి కొట్టకుండా అన్నిటికన్నా పైన చెత్త సంచి. వరస ఇది. మరీ బిగిస్తే మధ్యలో గాలి ఉండదు, లోపల చెమ్మ పట్టి బట్ట తడుస్తుంది.

దీని జబ్బు ఏమిటంటే, అంచున గోరంత గాటు పడితే చాలు, ఒక్క గాలికి ఆ చివరిదాకా చీరుకుపోతుంది. అందుకే విప్పగానే నాలుగు అంచుల మధ్యలో టేపు ముక్క మడిచి అంటించాలి. పందిరిలా కట్టాలంటే మూలకి చిల్లు పెట్టకూడదు. ఉసిరికాయంత నున్నటి రాయిని మూలకి వెనక పెట్టి, రేకుని దాని చుట్టూ గుండీలా ముడిచి, మెడ దగ్గర తాడు బిగిస్తే చీలదు. ఎండ మండే రోజుల్లో కిటికీకి బయటివైపు కడితే గది చల్లబడుతుంది. వానలో కట్టి మధ్యలో వంపు ఉంచితే నీళ్లు పట్టుకోవచ్చు. టార్చి వెనక పెడితే వెలుగు పెరుగుతుంది, ఎండలో ఊపితే దూరానికి కనబడుతుంది. రెండు జాగ్రత్తలు: తెగిన కరెంటు తీగల దగ్గరికి తీసుకెళ్లకూడదు, ఆ పూత కరెంటుని మోస్తుంది. చలికి కిటికీలు మూసేసిన గదిలో స్టవ్వూ బొగ్గులూ వెలిగించకూడదు. వాటి నుంచి వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

చెత్త సంచులు చాలా కిట్లలో లేకపోవడం మాకు మింగుడుపడని విషయం. ఉన్నా పలచటివి. 120 లీటర్ల పెద్ద సంచి, మందం 75 మైక్రాన్లకి తగ్గనిది, నాలుగు వేసుకోండి. తలకీ చేతులకీ కోసుకుంటే వానకోటు. ఎండుటాకులో నలిపిన కాగితాలో కూరితే పరుపు. బకెట్‌కి తొడిగితే మరుగుదొడ్డి. కోసి పరిస్తే గోనెసంచి కన్నా మెరుగైన పట్టా. కిట్‌లో ఇచ్చే వానకోటుకి మాత్రం మొదటి వానలోనే చంకల దగ్గర అతుకు ఊడుతుంది.

వెలుగు: పైన పటారం

తిప్పే టార్చి అమ్మకానికి అందం. లోపలి చిన్న బ్యాటరీ రెండుమూడేళ్లు కదలకుండా పడుంటే చార్జ్ నిలుపుకోవడం మానేస్తుంది, ఆ తర్వాత తిప్పుతున్నంత సేపే వెలుగు. ఫోను చార్జ్ అవుతుందని రాస్తారు. ఫోను బ్యాటరీ సుమారు 15 వాట్-అవర్లు, చేత్తో తిప్పితే వచ్చేది రెండుమూడు వాట్లు. అయిదు గంటల పైనే తిప్పాలి, ఈలోగా చేయి గానీ హ్యాండిల్ మొదలు గానీ ఊడుతుంది. అత్యవసరంగా ఒక మెసేజ్ పంపడానికైతే సరే.

దాని బదులు డబుల్ ఏ (AA) సైజు బ్యాటరీలతో నడిచే, తలకి కట్టుకునే టార్చి, అదే సైజు బ్యాటరీల రేడియో పెట్టుకోండి. ఒకటి చెడినా బ్యాటరీలు రెండోదానికి పనికొస్తాయి. ఇక్కడే ఒక కిటుకు. డబుల్ ఏ అయిపోయి ట్రిపుల్ ఏ మాత్రమే ఉంటే, రెండింటి వోల్టేజీ ఒకటే, పొడవులో తేడా సుమారు 6 మిల్లీమీటర్లు. వంటింటి అల్యూమినియం రేకుని గట్టిగా ఉండచుట్టి, నెగటివ్ వైపు ఆ సందులో కూరి, బ్యాటరీ అటూ ఇటూ దొర్లకుండా కాగితం చుడితే వెలుగుతుంది. త్వరగా అయిపోతుంది, అంతే. ఆ ఉండ ఒక్క కొసనే తాకాలి, పక్కకి పాకి రెండు కొసల్నీ కలిపితే వేడెక్కుతుంది. రేకు దుప్పటి ముక్క దీనికి పనికిరాదు, పూత మరీ పలచన. ఆల్కలైన్ బ్యాటరీలు టార్చిలోనే వదిలేస్తే కారి తినేస్తాయి, విడిగా ఉంచండి. లిథియం డబుల్ ఏ ఖరీదెక్కువ గానీ కారే బెడద చాలా తక్కువ, చలికీ తట్టుకుంటాయి.

తాడు విషయంలో పిసినారితనం కనిపిస్తుంది. జారిపోయే పాలీప్రొపిలీన్ తాడు ఇస్తారు, ముడి నిలవదు. లోపల ఏడు పోగులున్న 4 మిల్లీమీటర్ల నైలాన్ తాడు 15 మీటర్లు కొనండి. పోగులు లాగి కుట్టడానికీ, కట్టు కట్టడానికీ వాడొచ్చు. సుమారు 250 కిలోల దాకా తెగదని రాసున్నా మనిషిని దించడానికి వాడొద్దు. ముడి పడిన చోట బలం సగం దాకా పడిపోతుంది, కుదుపుకి మిగిలింది చాలదు. ఫస్ట్ ఎయిడ్ డబ్బాలో త్రికోణపు గుడ్డ ఉందో లేదో చూస్తే చాలు. చేతికి జోలె, తలకి కట్టు, ముక్కుకి అడ్డు, నీళ్లకి వడపోత, అన్నీ అదే. ఈలలో గుండు లేని రకం తీసుకోండి, తడిస్తే గుండు ఇరుక్కుంటుంది. సాయం కోసమైతే మూడుసార్లు ఊది ఆగాలి.

ఇక కరపత్రం. ‘టార్చిని వెలుగు కోసం వాడండి’ స్థాయి రాతలే ఎక్కువ. వస్తువు పోతే ఏం చేయాలో ఒక్క ముక్క ఉండదు. ఆ లోటు తీర్చుకోవడానికి ఒక సెలవు రోజు మెయిన్ స్విచ్ ఆపి, కొళాయి కట్టేసి, సంచితోనే గడపండి. ప్రతి మూడు గంటలకీ ఒకరు కళ్లు మూసుకుని సంచిలోంచి ఒక వస్తువు తీసి బీరువాలో పెట్టేయాలి. దాని పని మిగతావాటితో జరగాలి. కత్తెర పోయిన రోజు బార్ ప్యాకెట్ విప్పడం ఎంత కష్టమో తెలుస్తుంది. పిల్లలున్న ఇంట్లో ఈ ఆట పెద్దవాళ్ల కంటే వాళ్లకే త్వరగా పట్టుబడుతుంది.

రేటింగ్: కొన్నది కొన్నట్టుగా అయిదుకి రెండున్నర. క్యాన్, క్లోరిన్, చెత్త సంచులు, మంచి తాడు, ఒకే సైజు బ్యాటరీలు, 5 మీటర్ల టేపు చేరిస్తే నాలుగు. విడివిడిగా కొని సర్దుకునే ఓపిక ఉన్నవాళ్లకి రెడీమేడ్ సంచి అక్కర్లేదు. ఆ ఓపిక లేనివాళ్లు కొనండి. కొన్న రోజే అన్నీ బయట పరిచి, అన్నిటికన్నా ముందు గడువు తీరే తేదీని టేపు మీద రాసి సంచి బయట అంటించండి. తర్వాత నింపిన సంచిని చీకట్లో ఒంటిచేత్తో పైకెత్తి చూడండి. భుజం పట్టీ కుట్టు పటపటమంటే అది ఇంట్లోనే తెలియడం నయం, వెనక్కిచ్చే గడువు కూడా అప్పటికింకా ఉంటుంది.