క్రూజ్‌కి ముందు సింగపూర్‌లో ఎక్కడ దిగాలి: ఏరియాలు మార్చి చూసిన అనుభవం

సింగపూర్ నుంచి క్రూజ్ ఎక్కేవాళ్లు నన్ను ముందుగా అడిగేది, "పోర్టు పక్కన మంచి హోటల్ ఏదైనా ఉందా?" అని. కొన్నేళ్లుగా క్రూజ్‌కి ముందు ఒకటి రెండు రాత్రులు అక్కడ ఉంటూ, ఒక్కోసారి ఒక్కో ఏరియాలో దిగి చూశాక నేను గట్టిగా చెప్పగలిగింది ఒకటే. పోర్టు పక్కన అక్కర్లేదు. ఊళ్లో మధ్య భాగంలో ఎక్కడున్నా క్యాబ్‌లో అరగంటలోపు టెర్మినల్ దగ్గర దిగుతాం. ఆ అరగంట మిగుల్చుకోవడానికి పోర్టు పక్కనే హోటల్ చూసుకుంటే, చేతిలో ఉన్న ఒకటిన్నర రోజూ తిండికీ తిరగడానికీ ఇబ్బంది పడాలి.

ఇక్కడ క్రూజ్ టెర్మినళ్లు రెండున్నాయి. ఒకటి హార్బర్‌ఫ్రంట్‌లో ఉన్న సింగపూర్ క్రూజ్ సెంటర్, రెండోది 2012లో తెరిచిన మరీనా బే క్రూజ్ సెంటర్. పెద్ద ఓడలు ఎక్కువగా ఈ రెండో చోటు నుంచే బయల్దేరతాయి. రెండింటికీ మధ్య దూరం ఉంది కాబట్టి, టికెట్ మీద ఏ పేరుందో చూసుకున్నాకే హోటల్ వెతకండి.

నేను మళ్లీ మళ్లీ వెళ్లేది లిటిల్ ఇండియా, ఫారర్ పార్క్ స్టేషన్ల మధ్య ఉన్న వీధులకి. మన తిండి దొరకడం ఒక కారణమే గానీ, అంతకన్నా పెద్ద కారణం రైళ్లు. లిటిల్ ఇండియా స్టేషన్‌లో డౌన్‌టౌన్ లైన్, నార్త్ ఈస్ట్ లైన్ రెండూ కలుస్తాయి. చాంగీ ఎయిర్‌పోర్టులో రైలెక్కి, తర్వాతి స్టేషన్ ఎక్స్‌పోలో డౌన్‌టౌన్ లైన్‌కి మారితే చాలు, నేరుగా అక్కడ దిగుతాం. లిఫ్టులు ఉంటాయి కాబట్టి సూట్‌కేసులు మెట్ల మీద మోయాల్సిన పని లేదు. సాయంత్రం గార్డెన్స్ బై ద బేలో 7:45కి లైట్ల షో చూసి, తీరిగ్గా నడుచుకుంటూ మరీనా బే ఒడ్డుకు వచ్చి 9 గంటల నీళ్ల షో కూడా చూసుకుని, బేఫ్రంట్‌లో రైలెక్కితే నాలుగో స్టేషన్ మనదే. ఒక్క సాయంత్రమే ఉన్నవాళ్లకి ఇంతకన్నా సుఖమైన దారి నాకు తెలియదు.

ఇక లిటిల్ ఇండియాలోని పెద్ద వీధి సెరంగూన్ రోడ్డు. పొద్దున్నే పూలదండల కొట్ల ముందు మల్లెలు, చామంతులు కుప్పలుగా పోసి ఉంటాయి. వీరమాకాళియమ్మన్ గుడి గంటలు వినిపిస్తుంటాయి. 1947 నుంచి నడుస్తున్న కోమల విలాస్‌లో దోసె, ఫిల్టర్ కాఫీ అయ్యాక మా అత్తగారి ముఖంలో కనిపించే తృప్తి ఏ స్టార్ హోటల్ బఫే దగ్గరా చూడలేదు. ఓడలో శాకాహారం దొరుకుతుంది గానీ, మన రుచి కోసం మళ్లీ దిగేదాకా ఆగాలి కదా! అన్నీ దొరికే పెద్ద దుకాణం ముస్తఫా సెంటర్ అర్ధరాత్రి దాటాక కూడా తెరిచే ఉంటుంది. వాంతులు రాకుండా వేసుకునే మాత్రలు, ఇక్కడి మూడు చదరపు పిన్నుల సాకెట్‌కి అడాప్టర్, పిల్లలకి ఈత బట్టలు, ఇలా సర్దుకునేటప్పుడు తగ్గినవన్నీ రాత్రి పదకొండుకి కూడా కొనుక్కోవచ్చు.

ఈ ఏరియాలో రెండు చిక్కులున్నాయి. ఆదివారం సాయంత్రం వలస కార్మికులంతా సెలవు రోజున కలుసుకోవడానికి ఇక్కడికే వస్తారు. అది వాళ్ల హక్కు. ఆ వాతావరణం నాకు నచ్చుతుంది కూడా. కానీ పేవ్‌మెంట్ల మీద సూట్‌కేసు లాక్కుంటూ నడవడం కష్టం. ఆదివారం దిగేట్టయితే మధ్యాహ్నంలోపే హోటల్‌కి చేరిపోండి.

రెండోది కిటికీలు. పాత షాప్‌హౌస్‌లను (కింద కొట్టు, పైన ఇల్లు ఉండే కట్టడాలను) మార్చి కట్టిన చిన్న హోటళ్లలో కిటికీ లేని రూములు చాలా ఉంటాయి. ఒక హోటల్‌లో మాకు అలాంటిదే ఇచ్చారు. మంచానికీ గోడకీ మధ్య పెద్ద సూట్‌కేసు పూర్తిగా తెరుచుకోనంత జాగా. లైటు ఆర్పితే పగలో రాత్రో తెలియని చీకటి. బుకింగ్ పేజీలో ఎక్కడో కింద చిన్న అక్షరాల్లో ఆ సంగతి రాసి, ఫొటోలు మాత్రం కిటికీ ఉన్న రూమువి పెట్టారు. ఇది తప్పుడు పద్ధతి. ఓడలో లోపలి క్యాబిన్ తీసుకున్నవాళ్లు దానికి ముందు రెండు రాత్రులు కూడా వెలుతురు లేకుండా గడపడం ఏం బాగుంటుంది? రూము పేరులో 'కిటికీతో' అని స్పష్టంగా ఉంటేనే డబ్బు కట్టండి. రూము ఎన్ని చదరపు మీటర్లో కూడా చూడండి.

చైనాటౌన్‌కి నా రెండో ఓటు. టెర్మినల్ హార్బర్‌ఫ్రంట్ అయితే మొదటి ఓటు కూడా దానికే, ఎందుకంటే నార్త్ ఈస్ట్ లైన్‌లో అది రెండో స్టేషనే. 1827 నాటి మారియమ్మన్ గుడి సౌత్ బ్రిడ్జ్ రోడ్డు మీదే ఉంది. మాంసాహారం తినేవాళ్లకి మ్యాక్స్‌వెల్ ఫుడ్ సెంటర్ పండగే. పెద్దవాళ్లకి మాత్రం మూడు పూటలా మన భోజనం కావాలంటే లిటిల్ ఇండియా దాకా రైలెక్కాల్సి వస్తుంది.

మరీనా బే హోటళ్ల నుంచి కనిపించే దృశ్యం నిజంగా గొప్పది. పెళ్లిరోజుకో, ఇద్దరే వెళ్లినప్పుడో ఒక్క రాత్రి ఉండండి. కుటుంబమంతా వెళ్లినప్పుడు ఆ డబ్బు ఓడలో బాల్కనీ క్యాబిన్ మీద పెట్టమంటాను. ధరల విషయంలో ఇంకో జాగ్రత్త. అంకె పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే, దాని మీద 10 శాతం సర్వీస్ చార్జి, ఆపైన 9 శాతం జీఎస్టీ పడతాయి. 200 సింగపూర్ డాలర్ల రూము చివరికి దాదాపు 240 అవుతుంది. రెండు హోటళ్లను పోల్చేటప్పుడు పన్నులన్నీ కలిసిన మొత్తాలనే పక్కపక్కన పెట్టి చూడండి.

సెంటోసా దీవి, అక్కడి యూనివర్సల్ స్టూడియోస్ కోసమే వచ్చేవాళ్లకి సరే, మిగతావాళ్లకి వద్దు. ఆర్చర్డ్ రోడ్డు షాపింగ్ ఇష్టమున్నవాళ్లకి.

రాత్రి విమానంలో వచ్చి పొద్దున్నే దిగేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. హోటళ్లలో చెకిన్ సాధారణంగా మధ్యాహ్నం రెండు, మూడు గంటలకి. లగేజీ ముందే తీసుకుని దాచిపెడతారా, లాబీలో ముఖం కడుక్కోవడానికి వాష్‌రూమ్ ఉందా అని ముందే మెసేజ్ పెట్టి అడగండి. మేం దిగిన ఒక చిన్న హోటల్‌లో రిసెప్షన్ అమ్మాయి ఏడింటికే సూట్‌కేసులకి నంబరు చీటీలు కట్టించి లోపల పెట్టించింది. మామగారిని కూర్చోబెట్టి వేడినీళ్లు ఇచ్చింది. పదకొండుకల్లా రూము ఖాళీ అయిందని ఫోన్ చేసింది. గది చిన్నదే అయినా ఆ హోటల్‌కే మళ్లీ వెళ్లాం.

ఓడెక్కే రోజు చెకౌట్‌కీ బోర్డింగ్ టైముకీ మధ్య ఖాళీ ఉంటే సామాను హోటల్‌లోనే వదిలి భోజనం చేసి రండి. టెర్మినల్‌లో సూట్‌కేసులు పోర్టర్లకి ఇచ్చేశాక అవి క్యాబిన్‌కి చేరేసరికి సాయంత్రం కావచ్చు. అందుకని పాస్‌పోర్టులు, మందులు, ఒక జత బట్టలు చేతిసంచిలోనే ఉంచుకోండి.

మామూలు ట్యాక్సీలో నలుగురు పడతారు గానీ, నలుగురూ నాలుగు పెద్ద సూట్‌కేసులూ పట్టవు. క్యాబ్ యాప్‌లో ఆరు సీట్ల బండి పెట్టుకోండి. 1.35 మీటర్ల కన్నా పొట్టి పిల్లలుంటే యాప్‌లో వచ్చే ప్రైవేటు కార్లలో చైల్డ్ సీటు తప్పనిసరి. ట్యాక్సీలకి ఆ నిబంధన నుంచి మినహాయింపు ఉంది.

మరీనా బే టెర్మినల్‌కైతే, సామాను తక్కువుంటే మరీనా సౌత్ పియర్ స్టేషన్ దాకా రైల్లోనే వెళ్లొచ్చు. స్టేషన్ పక్కనే కనిపించే పియర్ (రేవు) మాత్రం దీవులకి వెళ్లే ఫెర్రీలది. మన ఓడ ఉండేది అక్కడి నుంచి ఇంకో పది పదిహేను నిమిషాల నడక దూరంలో. క్యాబ్ అయినా సరే, డ్రైవర్‌కి 'క్రూజ్ సెంటర్' అని ఊరుకోకుండా మరీనా బే క్రూజ్ సెంటర్ అని పూర్తి పేరు చెప్పి, మ్యాప్‌లో పెట్టిన చోటు అదేనో కాదో బండి కదలక ముందే చూసుకోండి.