పద్నాలుగేళ్ళుగా వింటున్న కొత్త ఇళయరాజా

మా బావకూ నాకూ మధ్య ఒక వాదన ఏళ్ళ తరబడి నడుస్తున్నది. ఇళయరాజాగారి కొత్త పాటలు ఆయన పాత పాటల పక్కన నిలబడతాయా అన్నదే ఆ వాదన. మా బావ తెనాలిలో నాతో క్యాసెట్లు పంచుకుని పెరిగినవాడు. సాగరసంగమం, సితార, గీతాంజలి పాటలలో ఏ ఇంటర్లూడ్‌లో, అంటే చరణాల నడుమ వచ్చే వాద్యసంగీతంలో, ఏ వాద్యం తరువాత ఏది వస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. "అవి చేసిన చెయ్యే ఇదీ, కాదనను బావా. కానీ ఆ రుచి ఏదీ?" అని పండక్కి కలిసిన ప్రతిసారీ అడుగుతాడు. ఆ ప్రశ్నకు అభిమానంతో కాక చెవితో సమాధానం చెప్పాలనుకుని, 2011లో వచ్చిన శ్రీరామరాజ్యం మొదలు 2025లో వచ్చిన షష్టిపూర్తి దాకా, ఆయన తెలుగు ఆల్బమ్‌లలో నాకు ముఖ్యమనిపించినవాటిని పదే పదే వింటూ వచ్చాను. పాట విడుదలైన మొదటి నెలలో దాని మీద ఏ అభిప్రాయమూ చెప్పకూడదన్నది నేను పెట్టుకున్న నియమం.

ఆ నియమానికి కారణం ఒక క్యాసెట్. ఖాళీ క్యాసెట్ కొనిచ్చి, కావలసిన పాటల జాబితాను కాగితం మీద రాసిస్తే, రికార్డింగ్ షాపు ఆయన రెండు రోజుల్లో నింపి ఇచ్చేవాడు. అలా నింపించుకున్న క్యాసెట్‌లో గీతాంజలి పాట "ఓ ప్రియా ప్రియా" మొదటి వైపు చివరన పడింది. రెండో చరణం మధ్యలో టేపు అయిపోయేది. కొన్నేళ్ళపాటు నాకు తెలిసిన పాట అంతే. తరువాత ఎవరింట్లోనో అసలు క్యాసెట్‌లో పూర్తిగా విన్నప్పుడు, రెండో చరణం మధ్యలో నా చేయి టేప్‌రికార్డర్ మీటలవైపు దానంతటదే వెళ్ళింది. ఇప్పటికీ ఆ పాట ఎక్కడ విన్నా ఆ చోటు వచ్చేసరికి ఒక్క క్షణం ఊపిరి బిగబడతాను. పాత పాటల మీద మనకున్న ప్రేమలో ఇళయరాజాగారి ప్రతిభ ఎంత ఉందో, ఉన్న పన్నెండు పాటలనే వందలసార్లు విన్న మన అలవాటు కూడా అంతే ఉంది. కొత్త పాటకు ఆ అవకాశాన్ని మనమే ఇవ్వడం లేదు. ఒకసారి విని, సగంలో వదిలి, మరొక పాటకు వెళ్ళిపోయి, అటుపైన తీర్పు చెబుతున్నాము.

శ్రీరామరాజ్యం నాకు ఈ పాఠం నేర్పిన ఆల్బమ్. బాపుగారి దర్శకత్వం, ముళ్ళపూడి వెంకటరమణగారి రచన, జొన్నవిత్తులగారి సాహిత్యం. ఇంత బరువు ఉన్న సినిమాకు రాజాగారు పద్యాలూ పాటలూ కలిపి చాలా ఎక్కువ సంగీతం చేశారు. "జగదానంద కారక" మొదటిరోజే అందరికీ నచ్చింది. బాలుగారి గొంతు, శ్రేయా ఘోషాల్ గొంతు, వెనుక కోరస్, అన్నీ కలిసి పట్టాభిషేకాన్ని కళ్ళకు కట్టించాయి. మిగిలినవి నాకు అప్పుడు ఒకే తీరులో సాగినట్టు అనిపించాయి. ఆరేడు నెలలు పోయాక ఒక ఉదయం ప్రయాణంలో మొత్తం ఆల్బమ్‌ను వరుసగా విన్నాను. చిన్న పాటలలో వీణ, వేణువు మధ్య నడిచే సంభాషణలు అప్పటిదాకా నా చెవికి ఎందుకు చేరలేదో నాకే ఆశ్చర్యం కలిగింది. ఈ ఆల్బమ్ విడిపాటలుగా వినడానికి చేసినది కాదని, కథ వరుసలోనే వినాలని ఎవరు అడిగినా చెబుతాను.

2012లో వచ్చిన ఎటో వెళ్ళిపోయింది మనసు దగ్గర మా వాదన అసలు పదునెక్కింది. లండన్‌లో పెద్ద వాద్యబృందంతో రికార్డు చేసిన సంగీతం అది. "కోటి కోటి తారల్లోన" పాటలో గిటారు తీగల మీద మొదలైన చిన్న భావం కొంచెం కొంచెంగా వయొలిన్ల గుంపు చేతికి వెళ్ళి, అక్కడ విప్పారి, మళ్ళీ ఒంటరి గొంతు దగ్గరికి తిరిగి వచ్చే తీరు, నా దృష్టిలో, గీతాంజలి రోజుల పనితనానికి ఏ మాత్రం తీసిపోదు. మా బావ అభ్యంతరం వేరు. "ట్యూన్ బాగుంది, మాట అతకలేదు" అంటాడు. ఇందులో కొంత నిజముంది, కానీ నేరం ఒకరిది కాదు. గీతాంజలి తెలుగులోనే పుట్టిన సినిమా, వేటూరిగారి మాట అందులో తెలుగు ఊపిరితోనే పుట్టింది. ఎటో వెళ్ళిపోయింది మనసు తమిళంలోనూ తెలుగులోనూ ఒకేసారి తయారైన సినిమా, ఒకే బాణీ రెండు భాషలనూ మోయాలి. అనంత శ్రీరామ్‌గారు ఆ కట్టుబాటులో ఎంతో నేర్పు చూపించారు. అయినా తమిళ పదానికి ఉన్న కురచదనం తెలుగు మాటకు ఉండదు, మన మాట చివర అచ్చు సాగుతుంది, ఆ సాగుడుకు బాణీలో చోటు ముందే ఉండాలి. వేటూరి, సిరివెన్నెల, ఆత్రేయగార్లతో చేసిన పాటలలో ఆ చోటు ఉండేది. కొత్త పాటల లోటు ఏమిటని ఎవరైనా నన్ను అడిగితే, సంగీతంలో కాదు, ఈ చోటులో వెతకమంటాను.

శబ్దం గురించి కూడా నిజం చెప్పాలి. ఎనభైలలో ప్రసాద్ స్టూడియోలో వాద్యకారులందరూ ఒకేసారి కూర్చుని, ఆయన ఆ ఉదయమే రాసిచ్చిన స్వరలిపిని చూసి వాయించేవారు. విజీ మాన్యుయల్ కీబోర్డు, శశిధరన్ బేస్ గిటారు, పురుషోత్తమన్ డ్రమ్స్, నెపోలియన్ వేణువు, నరసింహన్ వయొలిన్, వీరందరి శ్వాస ఒక గదిలో కలిసేది. కొత్త పాటలలో కొన్నిచోట్ల లయ కంప్యూటర్ మీద తయారైనట్టు చెవికి తెలిసిపోతుంది. ఆ చోట్ల బాణీ ఎంత గొప్పదైనా కింద నేల గట్టిగా, కదలకుండా ఉంటుంది. మంచి హెడ్‌ఫోన్‌లో ఇది మరీ బయటపడుతుంది. ఈ ఒక్క విషయంలో మా బావతో నేను ఏకీభవిస్తాను.

అయితే 2023 ఉగాదికి వచ్చిన రంగమార్తాండ ఆ అభ్యంతరానికి కూడా అందలేదు. అందులో "పువ్వై విరిసే ప్రాణం" రాజాగారే పాడారు. ఎనభైకి చేరువైన గొంతు అది, పై స్థాయిలో కొంచెం వణుకు ఉంది, ఒకటి రెండు చోట్ల ఊపిరి వినిపిస్తుంది. వాద్యాలు చాలా తక్కువ. సిరివెన్నెలగారు లేకుండా పోయిన తరువాత మన చేతికి వచ్చిన ఆయన మాటలను, ఆయనతో దశాబ్దాలు పనిచేసిన మనిషి గొంతులో వింటున్నప్పుడు, పల్లవికీ చరణానికీ మధ్య వదిలిన నిశ్శబ్దమే నాకు పాటలో అన్నిటికన్నా పెద్ద వాద్యంగా తోచింది. ముప్ఫై ఏళ్ళ వయసులో ఆయన ఈ పాటను ఇలా చేయగలిగేవారని నేను అనుకోను. రుద్రవీణకు జాతీయ పురస్కారం తెచ్చిన రోజులలో ఆయన ప్రతి ఖాళీనీ స్వరంతో నింపేవారు. ఇక్కడ ఖాళీని వదిలేయగలిగారు. పాత రాజా, కొత్త రాజా అని మనం గీస్తున్న గీత అర్థంలేనిదని నాకు అనిపించింది ఇక్కడే.

షష్టిపూర్తి గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే నేను ఇంకా దాన్ని పూర్తిగా వినడం ముగించలేదు. "ఏదో ఏ జన్మలోదో" పాటకు సాహిత్యం రాసింది కీరవాణిగారు. ఒక సంగీత దర్శకుడు మరొక సంగీత దర్శకుడి బాణీకి మాటలు రాయడం మన దగ్గర అరుదు. అందులో నేను పైన చెప్పిన చోటు దొరుకుతుంది: తెలుగు మాట చివర అచ్చు సాగడానికి కావలసినంత వెసులుబాటు.

ఇంత విన్నాక నాకు స్పష్టమైనదొకటి ఉంది. ఆయన కొత్త సంగీతానికి జరుగుతున్న అన్యాయంలో ఎక్కువ భాగం అది మన చేతికి వచ్చే తీరులో ఉంది. నేను డబ్బు కట్టి వాడుతున్న ఒక పాటల యాప్‌లో ఆయన తెలుగు ఆల్బమ్‌లను వెతికితే, ఒకే సినిమా రెండు మూడు పేర్లతో కనిపిస్తుంది; ఒకదానిలో నాలుగు పాటలు, మరొకదానిలో ఆరు. ఈ వారం ఉన్న పాట వచ్చే నెల బూడిదరంగులోకి మారి, నొక్కినా పలకదు. గాయకుల పేర్ల స్థానంలో సినిమా హీరో పేరు ఉంటుంది. కొన్ని పాత పాటలను అరిగిన క్యాసెట్ నుంచి ఎక్కించి, హోరును తగ్గించడం కోసం పైస్థాయి శబ్దాన్నంతా కోసేశారు. తాళాలు, గాజుల వంటి సన్నని చప్పుళ్ళు అందులో మాయమయ్యాయి. నేపథ్య సంగీతమైతే అసలు దొరకదు. కొన్ని సన్నివేశాలకు ఆయన రాసిన సంగీతం వినాలంటే నేటికీ సినిమా పెట్టుకుని, సంభాషణల మధ్య ఏరుకోవలసిందే.

హక్కుల విషయంలో నేను ఆయన పక్షమే. 2012 కాపీరైటు సవరణ స్వరకర్తలకూ పాటల రచయితలకూ రాయల్టీ మీద వదులుకోలేని హక్కు ఇచ్చింది; దశాబ్దాలపాటు తన పాటలు ఎవరెవరి లాభానికో మోగుతుంటే చూసిన మనిషి దానికోసం కోర్టుకు వెళ్ళడంలో తప్పేమీ లేదు. 2017లో బాలుగారి అమెరికా కచేరీల సమయంలో, తన పాటలు అనుమతి లేకుండా పాడవద్దని ఇళయరాజాగారి నుంచి ఆయనకు నోటీసు వెళ్ళినప్పుడు మా ఇంట్లో రెండు రోజులు భోజనాల దగ్గర మాటలు లేవు; బావ ఒకవైపు, నేను ఒకవైపు. 2019లో వారిద్దరూ మళ్ళీ ఒకే వేదిక మీద నిలబడినప్పుడు, మరుసటి ఏడాది బాలుగారు వెళ్ళిపోయినప్పుడు, ఆ మౌనానికి మేమిద్దరమూ సిగ్గుపడ్డాము. కాని హక్కును కాపాడుకోవడం ఎంత న్యాయమో, ఆ హక్కు చేతిలో ఉన్నప్పుడు శుభ్రమైన, పూర్తి అయిన, పాడినవారి, రాసినవారి, వాయించినవారి పేర్లతో సహా ఒక చోట దొరికే పాటలను శ్రోతకు అందించడం అంతే అవసరం. దీనికి డబ్బు ఇవ్వడానికి నాలాంటివారు సిద్ధంగానే ఉన్నారు.

కచేరీల సంగతి కూడా ఇందులో భాగమే. హైదరాబాదులో ఒక ఆరుబయట కచేరీకి ఒక నెల జీతంలో కనిపించేంత భాగం పెట్టి టికెట్ కొన్నాను. టికెట్ మీద వరుస సంఖ్య ఉంది, మైదానంలో వరుసలే లేవు. డ్రమ్స్, బేస్ గుండెల మీద మోగుతుంటే, వేదిక మీద అంతమంది వయొలిన్ వాద్యకారుల చేతులు ఒకే కోణంలో లేచి దిగడం తెరమీద చూశానేగాని వాళ్ళ వయొలిన్ వినలేదు. తప్పు దొర్లితే పాటను ఆపించి మళ్ళీ మొదటినుంచి వాయించమనే మనిషి కచేరీలో, ఆ శ్రద్ధ వేదిక అంచు దాటి మైదానంలోకి రాకపోవడం నన్ను చాలా బాధించింది. ఆ తప్పు నిర్వాహకులదే. ఆయన సంగీతానికి పైకప్పు ఉన్న సభామందిరం కావాలి, కుర్చీలు తక్కువైనా పరవాలేదు, ధర కొంచెం పెరిగినా పరవాలేదు.

2025 మార్చి 8న లండన్‌లో రాయల్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రా ఆయన సింఫనీ, అంటే పెద్ద వాద్యబృందం కోసం పాశ్చాత్య శాస్త్రీయ పద్ధతిలో రాసిన సంగీతం, వేలియంట్‌ను వాయించింది. తిరిగి వచ్చాక, దాన్ని డౌన్‌లోడ్ చేసి వినవద్దని, సభలో కూర్చునే అనుభవించాలని ఆయన కోరారు. ఆ మాటను నేను పాటించాను. ఫోనుకు వచ్చిన రెండు ముక్కలను తెరవకుండానే తీసేశాను. మా బావ విన్నాడు, విని పెదవి విరిచాడు. ఒక చేతి ఫోనులో, పక్కవారి దగ్గులతో కలిసి పడిన శబ్దం విని నాలుగు భాగాల సింఫనీ మీద తీర్పు చెప్పడం, రెండో చరణం మధ్యలో ఆగిపోయే నా పాత క్యాసెట్ విని పాట బాగాలేదనడం వంటిదేనని అతనికి చెప్పాను. అందుకే ఆ సింఫనీ మీద ఈ సమీక్షలో నా తీర్పు ఏదీ లేదు. మన ఊళ్ళలో ఏదో ఒక మంచి సభామందిరంలో అది మోగే రోజున ముందు వరుసలో కాకపోయినా, మధ్యలో ఎక్కడో ఒక కుర్చీలో ఉంటాను.

కొత్తగా వినబోయేవారికి నా సూచన ఇది. రంగమార్తాండతో మొదలుపెట్టండి, రాత్రి పూట, ఇంట్లో అందరూ పడుకున్నాక. ఎటో వెళ్ళిపోయింది మనసును మంచి స్పీకర్ల మీద, ముందు మాటలు పట్టించుకోకుండా ఒకసారి, మాటలతో మరొకసారి వినండి. శ్రీరామరాజ్యాన్ని వరుస తప్పకుండా వినండి. ఒక నెల తరువాత మళ్ళీ వినండి.

పోయిన సంక్రాంతికి మా బావ తనంతట తానే "ఆ రంగమార్తాండ పాట ఒకటి పంపు, చూద్దాం" అన్నాడు. యాప్‌లో వెతికితే అది రెండుచోట్ల దొరికింది; నేను తెరిచినచోట రాసినవారి పేరు లేదు. పాట లింకు పంపి, దాని కింద "సాహిత్యం: సిరివెన్నెల, గానం: ఇళయరాజా" అని నేనే టైపు చేశాను. అర్ధరాత్రి దాటాక అతని నుంచి జవాబు వచ్చింది: "ఇంకోసారి వింటున్నాను."