తామరకు రెండు రకాల క్రీములు: ఏడాదిన్నర అనుభవం తరువాత నా సమీక్ష

ఫంగస్ వల్ల చర్మానికి వచ్చే తామర కోసం నేను రెండు రకాల క్రీములు వాడాను. మొదటిది మందుల షాపులో అడగగానే చీటీ లేకుండా ఇచ్చిన మిశ్రమ క్రీము. దాన్ని ఆపుతూ, మళ్లీ మొదలుపెడుతూ దాదాపు ఎనిమిది నెలలు పూసుకున్నాను. రెండవది చర్మవ్యాధుల వైద్యురాలు రాసిచ్చిన ఫంగస్ మందు, లులికొనజోల్ 1 శాతం క్రీము. దానితో పాటు ఫంగస్‌కే ఇచ్చే ఇట్రాకొనజోల్ గుళికలు కూడా మింగాను. మొదటి రకం ట్యూబు ఇప్పటికీ ఎన్నో ఇళ్లలో బల్ల సొరుగులో ఉంటుందని నాకు తెలుసు కనుక, కొంత సంకోచం కలిగించే విషయమైనా దాచకుండా రాస్తున్నాను.

విజయవాడ ఎండలో రోజంతా బండి మీద తిరిగే ఉద్యోగం నాది. గజ్జల్లో రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ లేచి, చెమట పట్టినప్పుడల్లా భరించలేని దురద పెట్టేది. మిశ్రమ క్రీము పూసిన మొదటి రాత్రే హాయిగా నిద్రపట్టింది, మూడో రోజుకు ఎరుపు దాదాపు కనిపించలేదు. దురద తగ్గడాన్నే జబ్బు తగ్గడంగా లెక్కవేసుకుని ఆపేశాను. వారం తిరగకుండానే మచ్చ మళ్లీ వచ్చింది, ఈసారి అరచేయంత. మళ్లీ అదే ట్యూబు, మళ్లీ అదే ఉపశమనం. ఆరు నెలలకు అది తొడల మీదికి, పిరుదుల మీదికి, నడుము చుట్టూ పాకింది. పైగా మామూలు తామరలా ఒక ఉంగరంలా కాకుండా, ఒక వలయం లోపల మరో వలయంగా కనిపించడం మొదలైంది.

ట్యూబు వెనుక ఆవగింజల్లాంటి అక్షరాలను ఫోను కెమెరాతో పెద్దవి చేసి చదివింది అప్పుడే. క్లోబెటాసోల్ ప్రొపియోనేట్ 0.05 శాతం, దాని పక్కన ఒక యాంటీబయాటిక్, ఆ తరువాత ఒక ఫంగస్ మందు. క్లోబెటాసోల్ చర్మానికి పూసే స్టెరాయిడ్లలో అత్యంత తీవ్రమైన తరగతికి చెందినది. వైద్యుల పర్యవేక్షణలో కూడా దాన్ని వరుసగా రెండు వారాలకు మించి, వారానికి 50 గ్రాములకు మించి వాడకూడదని నిబంధన ఉంది. ఎరుపు, దురద అనేవి ఫంగస్‌తో మన శరీరం చేసే పోరాటానికి గుర్తులు. స్టెరాయిడ్ ఆ పోరాటాన్ని అణచివేస్తుంది కనుక మనకు సుఖంగా ఉంటుంది, ఫంగస్‌కు అడ్డు లేకుండా పోతుంది. మచ్చ ఆకారం కూడా మారిపోయి చూసినవారు తామర అని పోల్చుకోలేని స్థితి వస్తుంది. వైద్యులు దీన్ని టినియా ఇన్‌కాగ్నిటో అంటారు. పూసిన చోటును బట్టి కూడా ప్రమాదం మారుతుంది. ముంజేతి చర్మంతో పోలిస్తే వృషణాల మీది చర్మం హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్‌ను దాదాపు 40 రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుందన్న విషయం ముందే తెలిసి ఉంటే, గజ్జల్లో ఆ క్రీము పూసే సాహసం చేసేవాడిని కాను.

వైద్యురాలు మొదట అడిగిన ప్రశ్న, "ఇప్పటిదాకా పూసినవన్నీ తెచ్చారా?" అని. ట్యూబు చూసి, మచ్చ అంచున బ్లేడుతో సున్నితంగా గీరి, రాలిన పొలుసులను గాజు పలక మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్కతో కలిపి సూక్ష్మదర్శిని కింద పెట్టించారు. నన్నూ చూడమన్నారు. పొలుసుల మధ్య కొమ్మలు వేసిన సన్నని దారాల్లా ఫంగస్ స్పష్టంగా కనిపించింది. లోపలి తొడల మీద ఏర్పడిన ఊదారంగు చారలు మాత్రం స్టెరాయిడ్ వల్ల వచ్చినవనీ, కాలం గడిస్తే వాటి రంగు తగ్గుతుంది కానీ అవి పూర్తిగా పోవనీ చెప్పారు.

మిశ్రమ క్రీము ఆపిన తరువాత పది పన్నెండు రోజులు నరకంగా గడిచాయి. ఎరుపు రెట్టింపయింది, రాత్రుళ్లు అలర్జీ మాత్ర వేసుకుంటే తప్ప నిద్ర రాలేదు. చాలామంది పాత ట్యూబుకు తిరిగి వెళ్లేది సరిగ్గా ఇక్కడే. నన్ను వైద్యురాలు ముందే హెచ్చరించడం వల్ల నిలబడ్డాను.

లులికొనజోల్ గురించి నిజాయితీగా చెప్పాలంటే, దురద విషయంలో అది నెమ్మది; మొదటి రెండు వారాలు పని చేస్తోందా అన్న అనుమానం పోలేదు. రోజుకు ఒక్కసారి, స్నానం చేసి బాగా తుడుచుకుని, మచ్చ మీదే కాక దాని చుట్టూ రెండు సెంటీమీటర్ల మేర పూయాలి. చూపుడు వేలి చివరి గీత నుంచి కొస దాకా పిండిన క్రీము సుమారు అర గ్రాము ఉంటుంది, అది రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది. నా మచ్చలు అంతకు చాలా ఎక్కువ ఉండడంతో 30 గ్రాముల ట్యూబు రెండు వారాలు తిరగకుండానే అయిపోయేది, ఖర్చు భారమే. మచ్చలు పూర్తిగా మాయమయ్యాక కూడా రెండు వారాలు పూయమన్నారు, పూశాను.

ఇట్రాకొనజోల్ గుళికలను భోజనం చేసిన వెంటనే వేసుకోవాలి, గ్యాస్ మందులతో కలిపితే అది ఒంటికి సరిగా పట్టదు. అందుకే నేను రోజూ మింగే పాంటొప్రజోల్‌ను ఆపించారు. కాలేయ పరీక్ష చేయించారు, గుండె జబ్బు ఏమైనా ఉందా అని అడిగారు, కొలెస్ట్రాల్ మాత్రల గురించి ఆరా తీశారు. ఈ ప్రశ్నలేవీ అడగకుండా ఎవరైనా ఈ గుళికలు ఇస్తే తీసుకోకండి. టెర్బినాఫైన్ అనే మరో ఫంగస్ మందు ఎందుకు రాయలేదని అడిగితే, మన దేశంలో ఇప్పుడు విస్తరిస్తున్న ట్రైకోఫైటాన్ ఇండోటినియే అనే ఫంగస్ చాలామందిలో ఆ మందుకు లొంగడం లేదన్నారు. 2020లో ఆ పేరు పెట్టిన ఈ ఫంగస్ ఇంత వేగంగా వ్యాపించడానికి విచ్చలవిడిగా పూసే స్టెరాయిడ్ మిశ్రమాలు కూడా ఒక కారణమని నిపుణులు భావిస్తున్నారు.

మొలతాడు తీసేయమనడం నేను ఊహించని సలహా. చెమటతో ఎప్పుడూ తడిగా ఉండే ఆ నూలుదారం కిందే నా నడుము చుట్టూ మచ్చలు గొలుసులా లేచాయి. మా అమ్మ మొదట ఒప్పుకోలేదు. వైద్యురాలి మాట అని చెప్పాక సరేనంది. తువ్వాలు వేరు చేసుకుని, లోదుస్తులు వేడి నీళ్లలో ఉతికి ఎండలో ఆరేసుకున్నాను. మా పెద్దబ్బాయికి మెడ మీద కనిపించిన చిన్న మచ్చకూ అప్పుడే వైద్యం చేయించాము, లేకపోతే ఇంట్లోనే చేతులు మారుతూ ఉండేది.

స్టెరాయిడ్ అంటేనే విషమని ఇదంతా చదివి ఎవరూ అనుకోవద్దు. గిన్నెల సబ్బుతో చేతులు పగిలి రక్తం కారే ఎగ్జిమా మా ఆవిడకు ఉంది. మొమెటాసోన్ అనే స్టెరాయిడ్ 0.1 శాతం రాత్రిపూట ఒక్కసారి, రెండు వారాలు, ఆ తరువాత వారానికి రెండు రాత్రులు మాత్రమే పూయమని అదే వైద్యురాలు రాశారు, చేతులు మానాయి. అరచేతి చర్మం మందం, జబ్బు ఫంగస్ కాదు, గడువు ముందే నిర్ణయించారు. నా విషయంలో ఈ మూడూ తలకిందులు.

2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను చీటీ ఉంటేనే అమ్మే షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. అయినా నాకు ఎనిమిది నెలల్లో ఒక్కసారీ ఎవరూ చీటీ అడగలేదు. ఒకే బ్రాండు పేరుకు చివర ఒకటి రెండు అక్షరాలు చేర్చి స్టెరాయిడ్ కలిసినదీ, కలవనిదీ పక్కపక్కనే అమ్ముతారు కాబట్టి పేరును నమ్మకుండా వెనుక రాసినది చదవాలి. 'కొనజోల్' అని ముగిస్తే అది ఫంగస్ మందు. బీటామెథాసోన్, మొమెటాసోన్‌లలా 'సోన్' అని ముగిసినా, క్లోబెటాసోల్ అని ఉన్నా అది స్టెరాయిడ్.

వైద్యం మూడు నెలలు పట్టింది. అది ముగిసి ఏడు నెలలయింది. మధ్యలో వానాకాలంలో తొడ మీద చిన్న మచ్చ కనిపిస్తే ఏమీ పూయకుండా వెళ్లి గీరించుకున్నాను; ఫంగస్ లేదని, బట్ట ఒరుసుకుని వచ్చిన ఎరుపని తేలింది. తొడల మీది చారలు ఊదారంగు పోయి తెల్లగా మారాయి కానీ, చేత్తో తడిమితే పల్లం ఇప్పటికీ తెలుస్తుంది.