వందమందికే చోటున్న తీరం: అంటార్కిటికా యాత్రలో మాకు దక్కినదీ దక్కనిదీ

అంటార్కిటికా వెళ్లదలచినవారు గది ఎంత విశాలమైనదో, భోజనంలో శాకాహారం దొరుకుతుందో లేదో విచారించడానికి ముందు, ఓడలో ఎంతమంది ప్రయాణికులు ఉంటారో అడిగి తెలుసుకోవాలి. హైదరాబాదులో మాకు యాత్ర అమ్మిన ఏజెంటు ఈ ప్రస్తావనే తేలేదు. “రోజుకు రెండుసార్లు ఒడ్డుకు తీసుకెళ్తారండీ” అని చెప్పి మనిషికి 7,850 డాలర్లు కట్టించుకున్నాడు. విమానం టిక్కెట్లు, వీసా, మంచులో తొడుక్కునే ప్యాంటు అద్దె 90 డాలర్లు, ఇవన్నీ దానికి అదనం. అర్జెంటీనా దక్షిణ కొసన ఉన్న ఉషుయాయా రేవులో ఓడ ఎక్కిన తరువాత తెలిసింది, ప్రయాణికులు నాలుగు వందలకు పైమాటే అని.

అంటార్కిటిక్ ఒప్పంద దేశాలు 2009లో చేసిన నిర్ణయం ప్రకారం, ఐదు వందల మందికి మించి ప్రయాణికులున్న ఓడ నుంచి ఎవరినీ ఒడ్డున దింపకూడదు. అంతకంటే చిన్న ఓడలైనా ఒకచోట ఒకేసారి వందమందికి మించి దింపరాదు, ఇరవై మందికి ఒక గైడు తప్పనిసరి. యాత్రా సంస్థలు 1991లో ఏర్పరచుకున్న ఐయాటో సంఘంలోని ఓడలన్నీ దీన్ని పాటిస్తాయి. నియమం మంచిదే. కానీ మా ఓడలో దాని ఫలితంగా ఐదు బృందాలు ఏర్పడ్డాయి, ఒక్కో బృందానికి ఒడ్డున గంట కూడా మిగల్లేదు. రెండుసార్లు దిగడమన్నది ఒకసారి దిగడం, మరోసారి రబ్బరు పడవలో చుట్టి రావడంగా తేలింది. మిగిలిన సమయమంతా లాంజిలో కూర్చుని మా వంతు ఎప్పుడు పిలుస్తారా అని ఎదురుచూడటమే. మా అక్క మూడో రోజుకల్లా కిటికీ వైపు చూడటం కూడా మానేసింది.

దక్షిణ అమెరికాకూ అంటార్కిటికాకూ మధ్యనున్న డ్రేక్ జలసంధి దాటడం గురించి ప్రత్యేకంగా రాయవలసిందేమీ లేదు. వాంతులు రాకుండా మాత్రలు ముందే వేసుకోండి.

ఓడ సిబ్బందిపై మాత్రం నాకు ఒక్క ఫిర్యాదు కూడా లేదు. తొలి దిగుడుకు ముందురోజు అందరి బట్టలు, సంచులు, కెమెరా కేసులు పరీక్షించి, వెల్క్రో పట్టీలను వాక్యూమ్‌తో శుభ్రం చేయించారు. బావగారి సంచి జిప్పులో గడ్డిగింజలు దొరికాయి. “ఈ మంచులో అవి మొలుస్తాయా?” అని ఆయన విసుక్కుంటే, అంటార్కిటికాలోని కింగ్ జార్జ్ ద్వీపంలో పోలండ్ వారి ఆర్క్‌టౌస్కీ పరిశోధన కేంద్రం దగ్గర బయటి నుంచి వచ్చిన పోవా ఆన్యువా అనే గడ్డి ఇప్పటికే పాతుకుపోయిందని, దాన్ని పెరికివేయడానికి శాస్త్రజ్ఞులు శ్రమపడుతున్నారని తనిఖీ చేస్తున్న అమ్మాయి ఓపికగా వివరించి, పట్టుకారుతో ఒక్కొక్క గింజా ఏరింది. ఒడ్డుకు వెళ్లేముందూ, తిరిగి వచ్చాకా బూట్లు క్రిమిసంహారక ద్రవంలో ముంచవలసిందే. తినుబండారాలు ఒడ్డుకు తేకూడదు కనుక మా సకినాలు గదిలోనే ఉండిపోయాయి.

పక్షిజ్వరం (బర్డ్ ఫ్లూ) వచ్చిన దగ్గర నుంచి నేల మీద కూర్చోవడం, మోకాళ్లూనడం, సంచి కింద పెట్టడం కూడా నిషేధం. మోకాళ్ల నొప్పులున్న బావగారికి ఇది నచ్చలేదు. ఆ ఒక్క విషయంలో మాత్రం మాకు దక్కిన సమయం తక్కువ కావడం మేలే చేసింది. కవర్‌విల్ ద్వీపంలో పెంగ్విన్లకు ఐదు మీటర్ల దూరంలో నిలబడ్డాం, అవే దగ్గరకు వస్తే మేమే వెనక్కి జరిగాం. మంచులో కాలు దిగబడినచోట గుంటను పూడ్చి కాని కదలనివ్వలేదు, ఎందుకంటే అందులో పడిన పెంగ్విను పైకి రాలేకపోవచ్చు. మా శ్రీమతి ఈ పనిని మహా ఇష్టంగా చేసింది, ఇతరులు వదిలేసిన గుంటలతో సహా.

అయితే వందమంది అన్నది ఒకేసారి ఉండే జనానికి పరిమితి, మొత్తం వచ్చే జనానికి కాదు. 2023-24 సీజన్‌లో అక్కడికి లక్షా ఇరవై వేలమందికి పైగా వెళ్లారు. మాలాంటి ఓడ వస్తే ఒకే గుట్ట మీద ఒక బృందం దిగగానే మరొకటి ఎక్కుతూ గంటల తరబడి సాగుతుంది; పక్షులకు దొరికే విరామం ఆ మేరకు తగ్గినట్టే. 2024లో కొచ్చిలో జరిగిన ఒప్పంద దేశాల సమావేశంలో పర్యాటకానికి సమగ్రమైన నియమావళి రూపొందించే పని మొదలైంది. అందులో మొత్తం సంఖ్యకూ హద్దు పెట్టాలన్నది నా అభిప్రాయం, నాకే మళ్లీ చోటు దొరకకపోయినా సరే.

రెండు వందల లోపు ప్రయాణికులుండే ఓడలు మాకంటే మనిషికి మూడు, నాలుగు వేల డాలర్లు ఎక్కువ అడుగుతున్నాయి. ఒడ్డున గడిపే గంటలతో లెక్కవేస్తే అదే చవక. ప్రయాణికుల సంఖ్యనూ, ఎన్నిసార్లు నిజంగా ఒడ్డున దింపుతారన్నదీ ఏజెంటు చేత రాయించుకున్న తరువాతే అడ్వాన్సు కట్టండి.