ఇమాజిక్ గేములు: ఏళ్ల తరబడి ఆడాక

అటారీ 2600 అనే పాత వీడియో గేము యంత్రం అభిమానుల్లో, దానికి గేములు చేసిన ఇమాజిక్ కంపెనీ ఊసెత్తితే చాలు, మాట 'డీమన్ అటాక్' గేము దాటి ముందుకు పోదు. నా ఓటు మాత్రం 'అట్లాంటిస్'కే. కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో స్థిరపడ్డాక పాత సామాన్ల సంతల్లో ఒక్కొక్కటిగా కొన్న ఈ కంపెనీ కార్ట్రిడ్జులను (యంత్రంలో పెట్టే గేము డబ్బాలను) ఇప్పటికీ ఆడుతూనే ఉన్నాను. 1981లో అటారీ, మాటెల్ సంస్థల నుంచి బయటికి వచ్చినవాళ్లు ఇమాజిక్‌ను పెట్టింది కూడా మా పక్కనే ఉన్న లాస్ గాటోస్‌లో.

1982లో రాబ్ ఫులప్ రాసిన డీమన్ అటాక్ మొత్తం నాలుగు కిలోబైట్లే. అంత ఇరుకులోనూ తెర రెండు వైపుల నుంచి రంగు తునకలు దూసుకొచ్చి, కలిసి, ఒక భూతంగా మారడం చూస్తే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. అయితే మన మీద కాల్చేది అన్నిటికన్నా కిందున్న భూతమే. అది కనిపెడితే మొదటి దశలు నల్లేరు మీద నడకే. కొట్టిన భూతం రెండుగా చీలడం మొదలయ్యాకే అసలు పరీక్ష. ఇది 'ఫీనిక్స్' అనే ఆర్కేడ్ గేముకు నకలంటూ అటారీ దావా వేసి, చివరికి కోర్టు బయట రాజీ పడింది. పోలిక లేకపోలేదు. కానీ అటారీ తన యంత్రానికి తెచ్చిన ఫీనిక్స్ కన్నా ఇదే కంటికి ఇంపు.

డెనిస్ కోబుల్ చేసిన అట్లాంటిస్ వేరే రకం, మూడు ఫిరంగులతో ఒక నగరాన్ని కాపాడాలి. శత్రు నౌకలు తెర దాటిన ప్రతిసారీ ఒక వరస కిందికి దిగుతాయి. అట్టడుగు వరసకు చేరాయా, నగరంలో ఒక భాగం బూడిదే. మధ్య ఫిరంగి నిటారుగా కాలుస్తుంది, పక్క ఫిరంగులు ఏటవాలుగా. పక్కవాటితో కొడితే పాయింట్లు రెట్టింపు. ఆశకు పోతే నగరం పోతుంది, జంకితే స్కోరు పెరగదు. అన్నీ కూలాక ఒక చిన్న నౌక మాత్రం పైకి ఎగిరి తప్పించుకుంటుంది. దాని కథే ఇమాజిక్ ఇంకో గేము 'కాస్మిక్ ఆర్క్'. అందులో మెరిసే నక్షత్రాలు బాగుంటాయి, జంతువుల్ని పట్టే పని త్వరగా విసుగు పుట్టిస్తుంది.

ఇదే కంపెనీ గేము 'రిడిల్ ఆఫ్ ది స్ఫింక్స్'ను సూచనల పుస్తకం లేకుండా కొనకండి, ఎడారిలో తిరగడమే మిగులుతుంది.

1982 చివర్లో షేర్లు అమ్మకానికి పెట్టాలనుకున్న ఇమాజిక్, అటారీ అమ్మకాలు అనుకున్నంత లేవన్న వార్తతో వెనక్కి తగ్గింది. మరుసటి ఏడాది వీడియో గేముల మార్కెట్టే కుప్పకూలింది. ఆ తర్వాత కంపెనీ ఎక్కువకాలం నిలవలేదు.

కార్ట్రిడ్జులు మాత్రం గట్టివి. పని చేయకపోతే లోపలి సర్క్యూట్ పలక అంచును ఆల్కహాల్‌లో తడిపిన దూదితో తుడవండి, చాలావరకు లేచి కూర్చుంటాయి. అట్లాంటిస్‌కు మాత్రం జాయ్‌స్టిక్ బాగుండాలి. లోపలి ఎడమ, కుడి కాంటాక్టులు అరిగిపోతే పక్క ఫిరంగి పేలాల్సిన చోట మధ్యది పేలుతుంది.